లేమిచే వెల్లడియైన శర్కర

గాలక్టోజు అణువునందలి ఆఱవ కర్బనము నంటియున్న ఆక్సిజను పరమాణువొక్కటి తొలగి, మిగిలిన అణువు అద్దములోని ప్రతిబింబము చందమున ఎడమవైపు రూపమును దాల్చినచో, దానికి ఫ్యూకోజు అని పేరు. గాలక్టోజునందు ఆఱు కర్బనములకు ఆఱు ఆక్సిజనులుండగా ఇందు అయిదే యుండును. దీని అణుభారము 164. ఈ కొఱత మిక్కిలి స్వల్పముగా తోచవచ్చును. కాని ఆ ఆఱవ కర్బనమువద్ద నీటితో చెలిమి చేయు హైడ్రాక్సిలు సమూహమునకు మాఱుగా నీటికి ఎడమొగమైన మిథైలు సమూహము నిలుచుటచే, శర్కరలకు సహజముగా లేని ఒకింత జిడ్డు స్వభావము దీనికి అబ్బినది. తక్కిన శర్కరల గుంపులోనుండి ప్రొటీనులు దీనిని ఏరి పట్టుకొనగలుగుటకు ఇదియొక ముఖ్యకారణము. మన దేహమునందలి శర్కరలలో నించుమించుగా అన్నియు కుడివైపు, అనగా ‘డి’ రూపమునకు చెందినవి కాగా, ఫ్యూకోజు మాత్రము ‘ఎల్’ రూపమున నుండుట మఱియొక విశేషము.

ఈ శర్కరను గూర్చి గడచిన నూఱేండ్లకు పైబడిన కాలమున జరిగిన పరిశోధనలను ఒకచో చేర్చి చూచువానికి ఒక సంగతి స్ఫురింపక మానదు. దీనిని గూర్చి మనము ఎఱిగినదానిలో మేలైన భాగము అది సమృద్ధిగా నున్న చోట్లనుండి కాక, అది లోపించిన చోట్లనుండి లభించినది. ఉన్నంతకాలము ఊరకుండి, లేనప్పుడు మాత్రమే తన పనిని తెలియజేయుట దీని స్వభావమా యనిపించును. ప్రస్తుత వ్యాసమునందు నేను ఈ దృష్టితోనే విషయమును పరామర్శింపదలచితిని.

నర్సీపట్నము ప్రక్కనున్న మా రోలుగుంట చుట్టుపట్ల శర్కర యనగా చెఱకే. ఈ పల్లముల చెఱకును గానుగాడి వండిన బెల్లము అనకాపల్లి బజారునకు పోవును; దానియందున్నది గ్లూకోజును ఫ్రక్టోజును కూడిన సుక్రోజు. ఆ ఫ్రక్టోజునకును ఈ ఫ్యూకోజునకును చుట్టఱికము లేదు. ఫ్యూకోజును మనము ప్రత్యేకముగా తినము. తినవలసిన అవసరమును లేదు. మన కణములే మాన్నోజునుండి దానిని చేసికొనును. గువానోసిను డైఫాస్ఫేటుతో జతపడిన మాన్నోజును ఒక ఎంజైము నీటి అణువును తీసివేసి మార్చగా, వేఱొక ఎంజైము దానిని తలక్రిందులు చేసి, ‘డి’ రూపమును ‘ఎల్’ రూపముగా మలచును. పిదప ఫ్యూకోసిల్ ట్రాన్స్‌ఫరేజులను ఎంజైములు దానిని ప్రొటీనులకును క్రొవ్వులకును అంటియున్న శర్కరామాలికల కొసలయందు అతికించును. ఇట్టి అతికించు జన్యువులు మానవునియందు పదమూడు గలవు.

దీనిని మొట్టమొదట సముద్రపు నాచునుండి వేఱుపఱచినవారు జర్మనీలోని గ్యోటింగెను విశ్వవిద్యాలయమున శర్కరలపై జీవితమంతయు ధారవోసిన టోలెన్సును, ఆయన సహచరుడగు గ్యుంథరును. అది 1890వ సంవత్సరము. ఇది జరిగిన కొంతకాలమునకు చెక్ జాతీయుడగు వొటోచెక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు తీగజాతి మొక్కల వేళ్ళలోని విరేచనకారియైన బంకనుండి రోడియోజు అను శర్కరను తీసి, అది ఫ్యూకోజునకు దర్పణబింబమని, అనగా ‘డి’ ఫ్యూకోజని నిరూపించెను. ఈ కుడిరూపము జంతువులయందు కానరాదు గాని వృక్షలోకమున అక్కడక్కడ పొడసూపును. మన పెరళ్ళలోని గన్నేరు విషములలో నొకటియగు ఓడోరోసైడు హెచ్ అను పదార్థమునకు అంటియున్న డిజిటలోజు, ఒక మిథైలు సమూహము అదనముగా తగిలించుకొన్న ‘డి’ ఫ్యూకోజే. గుండెను ఆపగల పదార్థమునకు తోడుగా నున్నదిది. ఏది యెట్లున్నను, ఈ కుడిరూపపు కథ చిన్నది. శాస్త్రమంతయు ఎడమరూపము చుట్టునే అల్లుకొన్నది. 1948లో డిషే, షెటిల్సు అనువారు సిస్టీను, గంధకికామ్లములతో రంగు పుట్టించి ఇట్టి మిథైలు శర్కరలను కొలుచు పద్ధతిని కనుగొన్న తరువాతనే, ఏ ద్రవమునందు ఎంత ఫ్యూకోజున్నదో సామాన్య ప్రయోగశాలలు సైతము చెప్పగలిగినవి.

సముద్రపు నాచుల ప్రస్తావన వచ్చినది గనుక దానిని ముగించి ముందునకు పోవుట మేలు. 1913లో స్వీడను దేశీయుడగు హరాల్డు కీలిన్ గోధుమవన్నె నాచులనుండి ఒక జిగటను తీసి దానికి ఫ్యూకాయిడిను అని నామకరణము చేసెను. నేడు ఫ్యూకాయిడాను అనబడునది ఇదియే. ఇది ఫ్యూకోజు అణువులు గొలుసుగా నల్లుకొని, వానికి సల్ఫేటు సమూహములు తగిలియున్న బహుశర్కర. 1950లో ఎడింబరోయందు ఇ. జి. వి. పెర్సివలు దాని గొలుసు కూర్పును వివరింప యత్నించెను. ఆయన చెప్పిన కూర్పు నలువది యేండ్లకు పైగా ప్రమాణముగా చెల్లి, 1993లో పటాంకరును సహచరులును ఫ్యూకోజులు ఒకటవ, మూడవ కర్బనముల మధ్య కలిసియున్నవనియు, సల్ఫేటులు విశేషముగా నాలుగవ కర్బనమున నిలిచియున్నవనియు చూపినపుడు సవరింపబడినది. నాచు జాతినిబట్టియు, ఋతువునుబట్టియు, తీసిన విధానమునుబట్టియు ఈ పదార్థము మాఱుచుండును గనుక, ఫ్యూకాయిడాను అనునది ఒక పదార్థము కాదు, ఒక కుటుంబము అనుకొనుట యుక్తము.

ఈ శర్కరకు ఆదిమూలమైన ఫ్యూకస్ నాచు చల్లని సముద్రములది. మన తీరమున అది పెరుగదు. అయినను దాని బంధువులగు సర్గాసము, పాడినా మున్నగునవి విశాఖపట్నపు రాతి ఒడ్డున, అలలు కొట్టుచు వెనుకకు పోవుచుండు చోట్ల, ఆయా ఋతువులలో దట్టముగా పెరుగును. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గారలు ఈ ఒడ్డు నాచులను ఏ యెత్తున ఏ జాతి నిలుచునో, ఏ మాసమున ఏది పొడచూపునో ఓపికతో పరిశీలించి 1964లో ప్రకటించిన వ్యాసము నేటికిని ఈ తీరమును గూర్చి మాటలాడువారికి ఆధారము. ఆటుపోట్లలో నీరు వెనుకకు తగ్గినపుడు గంటల తరబడి ఎండలో మాడవలసిన నాచునకు, నీటిని పట్టియుంచు సల్ఫేటు జిగట ఒక రక్షణ యని వృక్షశాస్త్రజ్ఞులు తలంతురు. జంతులోకమునను దీని బంధువులు గలవు. సముద్రపు ముండ్లకాయల గ్రుడ్లచుట్టు నుండు జిగురునందలి సల్ఫేటు ఫ్యూకోజు గొలుసులు ఒక్కొక్క జాతికి ఒక్కొక్క విధమున నుండుటచే, తన జాతి గ్రుడ్డును ఏ జాతి రేతఃకణమైనను గుర్తింపగలుగుచున్నది. జాతులు కలగాపులగము కాకుండుటకు ఈ శర్కర కావలి కాయుచున్నదన్నమాట.

ఫ్యూకాయిడాను రక్తము గడ్డకట్టుటను ఆలస్యము చేయుననుటయు, కొన్ని ప్రొటీనులకు అంటుకొనుననుటయు గాజుపాత్రలలో పలుమాఱులు ఋజువైనవి. కాని నాచు మాత్రలను సర్వరోగనివారిణులుగా అమ్మువారు ఈ గాజుపాత్రలను మానవదేహముగా భ్రమింపజేయుచున్నారని నా అభిప్రాయము. వేలకొలది అణుభారము గల ఒక గొలుసు ప్రేగుగోడను దాటి రక్తమున చేరుట సులభము కాదు. చేరినను ఏ రూపమున చేరుచున్నదో చెప్పవలసినది అమ్మువాడే. ఫ్యూకోజు సమృద్ధిగా నున్న చోటినుండి వచ్చిన జ్ఞానము ఎంత పలుచనిదో చూపుటకు ఇంతకన్న దృష్టాంతము అక్కఱలేదు.

ఇక నేలమొక్కల కడకు వత్తము. చెట్ల కణకవచములయందు సెల్యులోజు పోగులను ఒకదానితో నొకటి ముడివేయు జైలోగ్లూకాను అను బహుశర్కర కలదు. దాని కొమ్మల కొసలయందు గాలక్టోజును, దానిపై ఫ్యూకోజును ఉండుట పెక్కు మొక్కలకు సామాన్యము. కాని చింతపిక్కయందు పొదుపుగా నిలువచేయబడిన జైలోగ్లూకానునందు గాలక్టోజు వఱకే యున్నది, ఫ్యూకోజు లేదు. చింతపిక్కల పిండిని కాచి నేతగాండ్రు నూలునకు గంజి పెట్టుట అందఱును ఎఱిగినదే. మరమగ్గముల మిల్లులును దానిని విశేషముగా వాడినవి. ఒకే చెట్టులో కవచమునందలి గొలుసునకు ఫ్యూకోజు తగిలియుండగా, గింజలో ఆహారముగా దాచిన గొలుసునకు అది లేకపోవుటనుబట్టి, ఈ శర్కర నిర్మాణమునకు సంబంధించిన గుర్తే గాని ఆహారమునకు సంబంధించినది కాదని ఊహించుటకు వీలుకలిగినది.

ఆ ఊహను పరీక్షించుటకు 1993లో అమెరికాలో రైటరు, చాపిలు, సోమర్‌విలు అనువారు ఆవజాతికి చెందిన అరబిడాప్సిసు అను చిన్న మొక్కలో ఫ్యూకోజును తయారుచేయలేని ఒక వంగడమును ప్రకటించిరి. మాన్నోజును ఫ్యూకోజుగా మార్చు మొదటి ఎంజైము దానియందు చెడినది. ఆ మొక్క గిడసబారి, దాని కాండములు మామూలు కాండములకన్న తేలికగా విఱిగిపోవుచుండెను. ఈ బలహీనతకు మొదట జైలోగ్లూకానే కారణమనుకొనిరి; కాని తరువాత వెలువడిన పరిశోధనలు పెక్టినునందలి ఫ్యూకోజు లోపమే ముఖ్యకారణమని చూపినవి. ఏ గొలుసులోని లేమి ఏ నష్టమునకు కారణమో విడదీయుటకు ఇంత కాలము పట్టినది.

వృక్షములను వదలి రక్తమును చేరునప్పటికి మన కథ అసలైన భాగమునకు వచ్చినది. 1900లో లాండ్‌స్టైనరు రక్తవర్గములను కనుగొన్నది మొదలు, ఏ, బి అను ప్రతిజనకములు ఏ పదార్థముతో చేయబడినవో యని యాబది యేండ్లు శాస్త్రజ్ఞులు తడవులాడిరి. లండనులోని లిస్టరు సంస్థలో వాల్టరు మోర్గాను, వినిఫ్రెడు వాట్కిన్సు అనువారు 1952లో ఒక సులభమైన ఉపాయమును పన్నిరి. మలుగుపాము వంటి ఈలు చేప రక్తద్రవమునందు ఓ వర్గపు ఎఱ్ఱకణములను గుంపుకట్టించు గుణము కలదు. ఆ ద్రవమున ఒక్కొక్క శర్కరను కలిపి చూడగా, ఎల్-ఫ్యూకోజును కలిపినపుడు మాత్రము ఆ గుణము నశించినది. అనగా చేపద్రవము ఎఱ్ఱకణముపై వెదకుచున్నది ఫ్యూకోజునే. ఓ వర్గపు కణముపై నుండు హెచ్ అను ప్రతిజనకమునకు కీలకము ఈ శర్కరయని అట్లు తెలిసినది. గాలక్టోజునకు ఫ్యూకోజు తగిలినయెడల అది హెచ్. దానికి ఎన్-అసిటైల్ గాలక్టోసమీను అదనముగా చేరిన ఏ వర్గము. మఱియొక గాలక్టోజు చేరిన బి వర్గము. ఏదియు చేరనియెడల ఓ వర్గము. అరుగు లేని చోట స్తంభము నిలువనట్లు, ఫ్యూకోజు లేని చోట ఏ గాని, బి గాని నిలువజాలవు.

విత్తనములయందును ఇట్టి గుర్తెఱుగు ప్రొటీనులు గలవు. వానిని లెక్టిను లందురు. ఆ రోజులలోనే భారతదేశమున పనిచేయుచుండిన జార్జి బర్డు అను వైద్యుడు మన ఉలవల రసము ఏ వర్గపు కణములను, అందులోను ఏ1 అను ఉపవర్గమును విశేషముగా గుంపుకట్టించునని 1951లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించెను. ఉత్తరాంధ్రపు మెట్టపొలములలో పశువులకును మనుష్యులకును ఆహారమైన ఉలవ, ప్రపంచములోని రక్తనిధులకు నేటికిని ఉపకరించు కారకముగా మాఱినది. ఉలవ వెదకునది ఫ్యూకోజును కాదు, ఏ వర్గపు కొస శర్కరను. హెచ్‌ను వెదకుటకు యూలెక్సు అను ఐరోపా ముండ్లపొద విత్తనములను వాడుదురు. ఈ రెండు విత్తనములను కలిపి వాడినయెడల ఫ్యూకోజుపై నేమి చేరినదో, అసలు ఫ్యూకోజున్నదో లేదో తేలిపోవును.

అదే 1952లో బొంబాయినుండి వై. ఎం. భెండే ప్రభృతులు ముగ్గురు వ్యక్తుల రక్తమును గూర్చి ‘లాన్సెట్’ పత్రికకు వ్రాసిరి. ఆ మువ్వురి ఎఱ్ఱకణములకు ఏ గాని, బి గాని లేవు; కనుక వారు ఓ వర్గమువారని ఎవరైనను తలపవలసినదే. కాని వారి రక్తద్రవము ఏ, బి కణములనే కాక ఓ కణములను సైతము గుంపుకట్టించుచుండెను. వారికి హెచ్ లేదు. ఫ్యూకోజు తగులవలసిన చోటు ఖాళీగా నున్నది. దానికి ప్రతిగా వారి దేహములు హెచ్‌కు ఎదురైన ప్రతిరక్షకములను తయారుచేసికొన్నవి. మోర్గాను, వాట్కిన్సులు ఆ వ్యాసమున పాలుపంచుకొన్నవారే. 1955లో అమెరికాలో ఫిలిప్పు లెవీన్, ఇటలీ సంతతి కుటుంబమొకదానిలో ఓ వర్గమని కనబడిన తల్లి తన బిడ్డకు బి జన్యువు నిచ్చినదని కనుగొని, ఆమెయందు బి జన్యువు ఉండియు ఫ్యూకోజు అనెడి ఆధారము లేక అణగియున్నదని వివరించి, ఈ స్థితికి బొంబాయి పేరు పెట్టెను. ఒక జన్యువు మఱియొక జన్యువు నోరు మూయించుటకు వైద్యశాస్త్రమున ఇంత తేటయైన ఉదాహరణము అరుదు.

1990లో జాన్ లో బృందమువారు అమెరికాలోని మిషిగనునందు ఎఱ్ఱకణములపై ఫ్యూకోజును అతికించు ఎఫ్‌యూటీ1 జన్యువును పట్టిరి. తరువాత 1995లో లాలాజలము, పాలు మున్నగు స్రావములలో దానిని అతికించు ఎఫ్‌యూటీ2 బయల్పడినది. ఈ రెండును పందొమ్మిదవ క్రోమోజోముపై ఇరుగుపొరుగున నున్నవి. భారతీయులలోని బొంబాయి వర్గమువారిని పరిశీలించిన 1997 నాటి పరిశోధనలో, మొదటి జన్యువునందు 725వ స్థానమున ఒక అక్షరము మాఱుటయు, రెండవ జన్యువు సాంతముగా లోపించుటయు ఒకే క్రోమోజోమున కలిసి వచ్చుచున్నట్లు తేలినది. అందువలన వీరికి రక్తమునందే గాక లాలాజలమునందును హెచ్ ఉండదు. ఈ రెండు లోపములును జంటగా దేశములో పెక్కు కుటుంబములలో కనబడుటచే, ఏనాటి యొక పూర్వీకునినుండియో ఇది వ్యాపించినదని ఊహింతురు.

భారతదేశమున పదివేలమందిలో ఒకరికి ఈ వర్గ ముండునని సాధారణముగా చెప్పుదురు. ఐరోపాలో పదిలక్షలకు ఒకరు. ఇట్టి అపురూప లోపములు తల్లిదండ్రులిరువురినుండియు వచ్చినపుడే బయటపడును గనుక, మేనరికములు పూర్వాచారముగా గల మన ఆంధ్రదేశమునకు ఈ లెక్క ప్రత్యేకముగా పనికివచ్చును. పిఠాపురమున జన్మించి, హాల్డేను శిష్యుడై జన్యుశాస్త్రమున పేరుగాంచిన ద్రోణంరాజు కృష్ణారావు గారు 1963లో ఆంధ్రప్రదేశములోని మేనరికపు పెండ్లిండ్ల తఱచుదనమును, వాని ఫలితములను గూర్చి వ్రాసిన వ్యాసము ఈ విషయమున తొలి ఆధారములలో నొకటి. లోపమున్న జన్యువు నూటికి ఒకటి చొప్పున నున్నదనుకొందము. సంబంధము లేని వారి సంతానమున పదివేలకు ఒకరికి బొంబాయి వర్గము వచ్చును. మేనత్త, మేనమామల బిడ్డలు పెండ్లాడినచో వారి సంతానమున ఇంచుమించు 1400 మందికి ఒకరును, మేనమామ మేనకోడలిని పెండ్లాడినచో ఇంచుమించు 750 మందికి ఒకరును అగుదురు. ఇది కేవలము కాగితపు లెక్కయే. కాని అరుదు అనుమాట ఏ కుటుంబమునకు ఎంతవఱకు వర్తించునో చూపుటకు చాలును.

వలసపోయినవారితో ఈ లేమియు సముద్రములు దాటినది. 1860లో మద్రాసు రేవునుండి ట్రూరో అను ఓడ నెక్కి దక్షిణాఫ్రికాలోని నెటాలుకు కూలీలుగా పోయినవారిలోను, తరువాతి ఓడలవారిలోను తెలుగువారు గణనీయముగా నుండిరి. ఆ నెటాలులోని భారతీయ సంతతివారిలో బొంబాయి రక్తమును ఫిలిస్ మూర్సు పరిశోధించి 1972లో ప్రకటించెను. ఆ రక్తము గలవారందఱును తెలుగువారని నా అభిప్రాయము కాదు. రెయూనియను దీవిలో మఱియొక రకపు బలహీన హెచ్, అది ఐరోపా సంతతివారియందు, కనబడినది. మనకు సమీపమున ఒడిషాలోని కుటియా కోంధులలో ఈ వర్గము బయల్పడిన సంగతి ప్రకటితము. ఒక్కొక్క కొండకోన ఒక్కొక్క పెండ్లి వలయముగా నుండు తూర్పు కనుమలలో ఇట్టి అరుదైన జన్యువులు చిన్న గుంపులలో పేరుకొనుట సహజమే.

ఈ శాస్త్రమునకు మా వంటి ఊళ్ళలో ఉపయోగ మేమనువారికి ఒక సమాధానము కలదు. చలువఱాతి పలకపై ఏ, బి ద్రవముల చుక్కలు వేసి వర్గము తేల్చు పరీక్షలో బొంబాయి వ్యక్తి ఓ వర్గముగానే కనబడును. అతనికి ఓ రక్తము ఎక్కించినయెడల అతని ప్రతిరక్షకములు దానిని నాశనము చేయును, ప్రాణాపాయమగును. రోగి రక్తద్రవమును తెలిసిన ఓ కణములతో కలిపి చూచు ఎదురుపరీక్షయు, రక్తము నెక్కించుటకు ముందు దాతృరక్తముతో సరిపోల్చు పరీక్షయు చేసినచో ఆ మోసము వెంటనే బయటపడును. చింతపల్లి, కొయ్యూరు కొండలనుండి నర్సీపట్నమునకు ప్రసవముల కొఱకు దిగివచ్చువారు ఎందఱో గలరు. కాన్పు రక్తస్రావమునకు గంటలే గడువు. బొంబాయి వర్గమువారికి బొంబాయి వర్గమువారి రక్తమే కావలెను గనుక, అట్టివారి సోదరీసోదరులను ముందుగనే పరీక్షించి వారి జాబితాను ఉంచుకొనుట తప్ప వేఱుదారి లేదు. నలుగురిలో ఒకరు అదే వర్గమువారై యుండుటకు అవకాశము కలదు.

ఎఱ్ఱకణములపై ఈ ఫ్యూకోజు లేకున్నను బొంబాయి వర్గమువారు ఆరోగ్యవంతులుగానే యుందురు. ఇది చూచి, ఫ్యూకోజు అలంకారమాత్రమే యని కొందఱు తలంచిరి. ఆ తలంపును 1992లో ఎట్జియోని వర్ణించిన ఇద్దఱు బాలురు త్రోసివేసిరి. వారికిని బొంబాయి వర్గమే. కాని అంతటితో ఆగలేదు. వారి రక్తమున తెల్లకణములు మితిమీరి యుండియు, సోకిన పుండ్లను చేరలేకపోవుచుండెను. చీము పట్టదు, సూక్ష్మజీవులు చావవు. ఎదుగుదలయు బుద్ధియు కొఱవడెను. రక్తనాళపు గోడపై తెల్లకణము దొర్లి నిలుచుటకు సెలెక్టిను అను ప్రొటీనులు పట్టుకొనునది సియాలిల్ లూయిసు ఎక్సు అను శర్కరను. అందు ఫ్యూకోజు తప్పనిసరి. వారి లోపము ఒక్క అతికించు ఎంజైమునందు కాక, ఫ్యూకోజును కణములోని గాల్జి కోష్ఠములోనికి మోసికొనిపోవు ప్రొటీనునందు ఉన్నదని 2001లో తేలినది. నోటిద్వారా ఫ్యూకోజునిచ్చిన ఒక టర్కీ బాలునకు మేలు కలిగినది. కాని మొదటి బాలురకు అదే చికిత్స ఫలింపలేదు. మోసికొనిపోవు బండి చక్రము విఱిగిన రకమునుబట్టి ఫలితము మాఱినది.

ఇక పాలు. తల్లిపాలలో లాక్టోజు, క్రొవ్వుల తరువాత అత్యధికముగా నుండు ఘనపదార్థము శిశువు జీర్ణించుకొనలేని శర్కరామాలికలే. లీటరుకు అయిదునుండి పదునైదు గ్రాములు, ముర్రుపాలలో ఇంకను ఎక్కువ. జర్మనీలో రిచర్డు కూన్, అమెరికాలో పాల్ గ్యోర్గీ 1950 దశకమున వీనిని వెదకినవారు. వీనిలో ప్రధానమైనది 2′-ఫ్యూకోసిల్‌లాక్టోజు. ఆవుపాలలోను గేదెపాలలోను ఇది లేనంత స్వల్పము. ఎఫ్‌యూటీ2 చెడిన తల్లుల పాలలో ఇది ఉండదు. ఆ బిడ్డలును బ్రదికి పెరుగుచునే యున్నారు. కాని మెక్సికోలో జరిగిన పరిశీలనలో ఈ శర్కర అధికముగా గల పాలు త్రాగిన శిశువులకు కాంపిలోబాక్టరు విరేచనములు తక్కువగా వచ్చినవి. ప్రేగుగోడపై నున్న ఫ్యూకోజుకై వచ్చు సూక్ష్మజీవికి పాలలోని ఫ్యూకోజు మోసపు ఎరగా నిలుచుననుట దీనికి చెప్పబడిన వివరణము.

రోటావైరసు విషయమున ఇదే సూత్రము తెలుగువారి ప్రయోగశాలకు వచ్చినది. ప్రపంచమున విస్తారముగా వ్యాపించిన రోటావైరసు రకము ప్రేగులపై ఫ్యూకోజుతో కూడిన హెచ్, లూయిసు శర్కరలను పట్టుకొనును. అందుచే ఎఫ్‌యూటీ2 లేని శిశువులను అది అంతగా బాధింపదు, అదే రకముతో చేసిన టీకాయు కొందఱియందు అంతగా ఫలింపదు. నవజాత శిశువులయందు కనబడిన 116ఇ అను రకము వేఱు జాతిది. ఢిల్లీలోని వైద్యులు ఎం. కె. భాన్ ప్రభృతులు వేఱుపఱచిన ఆ రకముతో హైదరాబాదులోని భారత్ బయోటెక్ చేసిన రోటావాక్ టీకా 2016లో ఆంధ్రప్రదేశముతో గూడ నాలుగు రాష్ట్రములలో మొదటిసారిగా ప్రభుత్వ కార్యక్రమమున ప్రవేశించినది. ఆ రకమునకు చెందిన కుటుంబపు వైరసులు ఇంకను ఫ్యూకోజు తగులని పూర్వరూప శర్కరలను పట్టుకొనుచున్నవని 2013 ప్రాంతమున ప్రయోగశాలలు చూపినవి. నవజాత శిశువు ప్రేగులపై ఫ్యూకోజు ఇంకను పూర్తిగా తగిలియుండదు గనుక అట్టి వైరసునకు అది చాలును. లేమి ఒకరికి ద్వారము మూయగా మఱియొకరికి తెఱచుట ఇందు కనబడును.

చివరిదిగా, ఇటీవలి కాలమున ఎక్కువ వెలుగులోనికి వచ్చినది ప్రతిరక్షకములయందలి ఫ్యూకోజు. మన రక్తమునందలి ఐజీజీ ప్రతిరక్షకమునకు ఒక శర్కరామాలిక తగిలియుండును. దాని మొదటనే ఎఫ్‌యూటీ8 అను ఎంజైము ఫ్యూకోజును పెట్టును. అది లేని ప్రతిరక్షకము చంపుడు కణములను పలుమడుగులు గట్టిగా పిలువగలదని 2002, 2003 సంవత్సరములలో తేలినది. అంతట జపానులోని పరిశోధకులు ఎఫ్‌యూటీ8 తొలగించిన చిట్టెలుక కణములను సిద్ధపఱచి, ఫ్యూకోజు లేని ఔషధ ప్రతిరక్షకములను చేసిరి. క్యాన్సరునకు వాడు మొగాములిజుమాబు అట్టిది, 2012లో అచట అనుమతి పొందినది. మసూరు పప్పు లెక్టిను ఫ్యూకోజు తగిలిన ఆల్ఫాఫీటోప్రొటీనును పట్టుకొనుటను కాలేయపు క్యాన్సరు పరీక్షగా వాడుటయు ఇదే మార్గమునకు చెందినది. అక్కడ మాత్రము ఫ్యూకోజు ఉండుటయే చెడు గుర్తు.

డెంగీ జ్వరమునందు ఈ విషయము మనకు మిక్కిలి దగ్గఱగా వచ్చును. రెండవమాఱు డెంగీ సోకినవారిలో కొందఱికే రక్తస్రావమును, ఆఘాతమును కలుగుటకు కారణమేమని చాలకాలము తర్కించిరి. మొదటి జ్వరమునాటి ప్రతిరక్షకములు వైరసును చంపక, తెల్లకణములలోనికి చేరవేయుటచే వ్యాధి ముదురునను సిద్ధాంతము పూర్వమే కలదు. 2017లో టయా వాంగు బృందము తీవ్రమైన డెంగీ గలవారి ఐజీజీయందు ఫ్యూకోజు లేని భాగము అధికమని చూపెను. 2021లో మఱియొక బృందము, ఆసుపత్రిలో చేరిననాడే ఈ కొలత తరువాతి తీవ్రతను సూచింపగలదని చెప్పెను. తల్లినుండి శిశువునకు సంక్రమించు ప్రతిరక్షకములలోని ఈ లేమియు శిశువు డెంగీ ముప్పునకు సంబంధించినదని 2020లో ఒక పరిశీలన ప్రకటింపబడినది. క్యాన్సరు వైద్యుడు కావలెనని చేయించుకొను లేమియే, డెంగీ వైద్యునకు భయపడవలసిన గుర్తు అగుచున్నది.

ఈ కొలతకు మాస్ స్పెక్ట్రోమీటరు వంటి యంత్రములు కావలెను. అవి నేటికి నగరపు పరిశోధనాలయముల సొత్తు. కనుక జ్వరముతో వచ్చిన రోగి నాడి, రక్తపు పలకల సంఖ్య, హెమటోక్రిట్టు చూచియే మన వైద్యులు నిర్ణయించుకొనుచున్నారు. ఫ్యూకోజు తగ్గుట జ్వరమునకు ముందే ఆ దేహముయందున్న స్వభావమో, ప్రథమ జ్వరము మిగిల్చిన గుర్తో నిర్ణయించుటకు, ఆరోగ్యవంతులుగా నున్నపుడే రక్తము తీసి యేండ్లకొలది వారిని గమనించు పరిశీలనలే మార్గము.